కుడిచేతి లైలాక్, ఎడమచేతి గులాబీ

మార్చి ఏడో తేదీ ఉదయం తొమ్మిది గంటలకు కరకోల్ ఊరి బజారులో ఉసోన్ తన కుడి అరచేతికి లైలాక్ సెంటు, ఎడమ అరచేతికి గులాబీ సెంటు రాయించుకున్నాడు. సాయంత్రానికి ఆ రెండు వాసనలూ రెండు భవనాల్లోని మగవాళ్ల చేతుల మీద దొరికాయి.

రాసిన మనిషి రహీమా. బజారు చివర ఇనుప డబ్బా కొట్టులో కూర్చుని, పెద్ద సీసాల్లోని సెంటు నూనెలను చిన్న సీసాల్లోకి పోసి అమ్ముతుంది. మర్నాడు ఆడవాళ్ల పండగ. ఆ రోజు చేతిలో ఏమీ లేకుండా ఇంటికి వెళ్లిన మగవాడి గతి ఏమవుతుందో ఊరందరికీ తెలుసు. అందుకే ఆ వారమంతా రహీమా కొట్టుకు మగవాళ్లే వస్తారు. వచ్చినవాళ్లను ఆమె ముందుగా రెండు ప్రశ్నలు అడుగుతుంది.

"ఎవరికి?"

"మా అక్కకి," అన్నాడు ఉసోన్.

"వయసెంతుంటుంది?"

"యాభై."

"మీకు?"

"యాభై ఆరు."

రహీమా గాజు పుల్లను సీసాలో ముంచింది. మణికట్టు చాపమంది. ఉసోన్ కోటు కింద స్వెట్టరు, స్వెట్టరు కింద చొక్కా, దాని కింద ఉన్ని బనీను ఉన్నాయి. మణికట్టు బయటికి రాలేదు. అరచేతులు చాపాడు. ఆమె కుడిచేతిలో లైలాక్ రాసింది, ఎడమచేతిలో గులాబీ రాసింది. ఉసోన్ రెండూ వాసన చూశాడు. మే నెలలో ఊరంతా కంచెల మీద ఊదారంగు గుత్తులు పూసినప్పుడు వచ్చే వాసన ఒకటి. రెండోది గులాబీ. రెండూ బాగున్నాయి. ఇబ్బంది అక్కడే వచ్చింది.

"ఇప్పుడు తేల్చుకోకండి," అంది రహీమా. "ఇప్పుడొచ్చేది పైపై వాసన. మధ్యాహ్నం దాటాక ఒంటి వేడికి అసలు వాసన బయటికొస్తుంది. సాయంత్రం వచ్చి ఏ చెయ్యి నచ్చిందో చెప్పండి, అది పోసిస్తాను. అందాకా గ్లౌజులు వేసుకోవద్దు. ఉన్ని వాసనంతా తాగేస్తుంది."

"సబ్బుతో కడిగితే పోతుందా?"

"సబ్బుతో పోయే సరుకు అమ్మేదాన్నైతే ఈ బజారులో ఇన్నేళ్లు ఉండనిస్తారా నన్ను?"

సెంటు అక్క కోసం కాదు. ఉసోన్‌కు అక్క లేదు. భార్య పోయి ఆరేళ్లయింది. అతను ఉండే నాలుగంతస్తుల భవనంలో కింది ఇంట్లో సోనున్ అనే ఆమె రెండేళ్ల కిందట అద్దెకు దిగింది. భర్త లేడు. ఇంట్లోనే కుట్టుపని చేస్తుంది. ఉసోన్ నీటి పంపుల కేంద్రంలో ఎలక్ట్రీషియను, భవనం పెద్ద కూడా. ఈ రెండేళ్లలో ఆమె ఇంట్లో ఫ్యూజు నాలుగుసార్లు పోయిందని పిలిచింది. అతనికి తెలిసి అందులో రెండుసార్లు పోవడానికి కారణమే లేదు. ఈ సంగతి అతను చాలా రోజులు ఆలోచించాడు. చివరికి పండగ రోజున సెంటు సీసా పట్టుకుని వెళ్లి నేరుగా అడగాలని నిశ్చయించుకున్నాడు. ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త పడాలి. ఈ మాట ఆమె చెవిన పడే ముందు భవనంలో ఎవరి చెవినా పడకూడదు. నలుగురూ ముందు మాట్లాడుకుని తనకు ఆఖర్న తెలిస్తే ఏ ఆడమనిషీ ఒప్పుకోదు. సోనున్ అసలే ఒప్పుకోదు.

మినీ బస్సులో చోటు దొరికింది. రహీమా చెప్పినట్టు గ్లౌజులు జేబులో పెట్టి, రెండు అరచేతులూ పైకి తెరిచి ఒళ్లో పెట్టుకున్నాడు. గాలి తగలాలని కాస్త పైకెత్తాడు. ఎదురు సీట్లో ఉన్న ముసలాయన అది చూసి మాట్లాడ్డం ఆపి తనూ అరచేతులు ఎత్తాడు. ఆయన పక్కన కూర్చున్న ఆవిడ సంచి కింద పెట్టి చేతులెత్తింది. వెనక సీట్లవాళ్లు టోపీలు సర్దుకుని చేతులెత్తారు. డ్రైవరు పాట ఆపేశాడు. ఎవరో దువా ప్రార్థన మొదలుపెట్టబోతున్నారని బస్సంతా ఎదురు చూస్తోందని ఉసోన్‌కు కాసేపటికి అర్థమైంది. చేతులు దింపితే అపచారం.

"అందరి ఇళ్లూ చల్లగా ఉండాలి," అన్నాడు. "రోడ్లు క్షేమంగా ఉండాలి. గొర్రెలు బాగా ఈనాలి."

"ఆమీన్," అని బస్సంతా అరచేతులతో మొహం తుడుచుకుంది. ఉసోన్ మొహం తుడుచుకుంటే రెండు వాసనలూ కలిసిపోతాయి. అందుకని అరచేతుల్ని మొహానికి వేలెడు దూరంలో కిందికి జార్చాడు.

"మొహానికి ఆనించలేదు," అన్నాడు ముసలాయన పక్కావిడతో.

"నేనూ చూశాను. ఏ తెగవాళ్లో మరి," అంది ఆవిడ.

ఉసోన్ ఒక స్టాపు ముందే దిగిపోయాడు.

భవనం ముందు పద్నాలుగు మంది మగవాళ్లు గునపాలతో, పారలతో నిలబడి ఉన్నారు. పండగకు ముందు వాకిట్లో పేరుకున్న మంచుగడ్డ పగలగొట్టాలని వాళ్లను పిలిచింది ఉసోనే. అతన్ని చూడగానే అందరూ గ్లౌజులు తీశారు. చలి ఎంతున్నా గ్లౌజుతో చెయ్యి కలపడం ఒక్కటే, తిట్టడం ఒక్కటే. వయసులో చిన్నవాళ్లు రెండు చేతులూ చాపారు. రెండు చేతులూ చాపినవాడికి ఒక చేత్తో సరిపెట్టడం ఉసోన్‌కు చేతకాదు. తన కుడిచేతిని వాళ్ల కుడిచేతిలో పెట్టి, ఎడమచేతిని దాని మీద వేసి, ఇంటిల్లిపాదినీ పేరుపేరునా అడిగాడు. పద్నాలుగు మందినీ అలాగే పలకరించాడు. ఆ సమయంలో అతని ఆలోచనంతా లైలాకా గులాబీనా అన్న దాని మీదే ఉంది. ఊపిరి పీలుస్తున్నానని ఎవరు గుర్తు పెట్టుకుంటారు? చేతులు కలపడమూ అంతే.

రెండు గునపాలు తక్కువయ్యాయి. నలుగురు ఎదుటి భవనానికి వెళ్లి అడిగి తెచ్చారు. అక్కడా చేతులు కలిపారు. పదకొండింటికి పని అయిపోయింది. అందరూ టీ తాగడానికి ఇళ్లకు వెళ్లారు.

పన్నెండింటికి ఉసోన్ ఇంటి తలుపు చప్పుడైంది. రెండో అంతస్తు కదిర్ నిలబడి ఉన్నాడు. టాక్సీ నడుపుతాడు. కోటు వేసుకున్నాడు, కాళ్లకు మాత్రం ఇంట్లో తొడుక్కునే చెప్పులున్నాయి.

"బైకే, నన్ను బయటికి తోసింది," అన్నాడు. తనకన్నా పెద్దవాణ్ని అలాగే పిలవాలి.

"ఎవరు?"

"ఇంకెవరు, మా ఆవిడ బురుల్. టీ గిన్నె అందిస్తుంటే చెయ్యి పట్టుకుంది. ప్రేమేమో అనుకున్నా. ముక్కు దగ్గర పెట్టుకుంది. 'ఎవతె?' అంది. ఎవరూ లేరన్నా. చెయ్యి తిరగేసింది. మళ్లీ వాసన చూసింది. 'ఇద్దరా!' అంది."

"ఇద్దరెందుకయ్యారు?"

"అరచేతిలో ఒక వాసనుంది, వెనకాల ఇంకోటుంది. నువ్వే చూడు బైకే, దేవుడి మీద ఒట్టు, నేను మంచు తప్ప ఇంకేం ముట్టుకోలేదు."

కదిర్ చెయ్యి ఉసోన్ ముక్కు కింద పెట్టాడు. అరచేతిలో లైలాక్. వెనక గులాబీ. రహీమా చెప్పింది అబద్ధం కాదు, అసలు వాసన అప్పుడే బయటికి వస్తోంది. ఉసోన్ తన రెండు చేతుల్నీ జేబుల్లోకి తోశాడు.

"మంచులోంచే వచ్చి ఉంటుంది," అన్నాడు.

"మంచుకి వాసనుంటుందా?"

"ఈ ఏడు మందు చల్లారు కదా రోడ్ల మీద."

"గులాబీ మందా?"

కదిర్ అతన్ని కాసేపు చూసి, కారులో కూర్చుంటానని వెళ్లిపోయాడు.

ఉసోన్ తలుపు గడియ వేసి చేతులు కడగడం మొదలుపెట్టాడు. బట్టల సబ్బుతో తోమాడు. బూడిదతో తోమాడు. వెనిగర్ పోసుకున్నాడు. వెల్లుల్లి దంచి రుద్దాడు. చివరికి అతని చేతులు వెనిగర్, వెల్లుల్లి, లైలాక్, గులాబీ వాసన వేశాయి. అన్నిటికన్నా ముందు వచ్చింది లైలాకే. అప్పుడే మళ్లీ తలుపు కొట్టారు. ఈసారి ముగ్గురు. బురుల్ ముందుంది. ఆమె వెనక మూడో అంతస్తు కొత్తకోడలు నాజిక్, నాజిక్ భుజం పట్టుకుని బుర్మా అవ్వ. ఉసోన్ గ్లౌజులు తొడుక్కుని తలుపు తీశాడు.

ఇంటికొచ్చినవాళ్లకు టీ పోయక తప్పదు. ఉన్ని గ్లౌజులతో టీ పోశాడు.

"చేతులకేమైంది బైకే?" అంది బురుల్.

"కాలాయి. కెటిల్."

"రెండు చేతులూనా?"

"ముందు ఒకటి కాలింది. వేడిగా ఉందో లేదో చూద్దామని రెండో చేత్తో పట్టుకున్నాను."

"దేన్ని?"

"కెటిల్నే."

"పెరుగు రాయాలి దానికి. ఇటు చాపు," అంది బుర్మా అవ్వ. ఉసోన్ చేతులు బల్ల కిందికి పోయాయి.

నాజిక్ గాలి పీల్చి చుట్టూ చూసింది. "బురుల్ అక్కా, ఇక్కడ కూడా అదే వాసన."

బురుల్ చెయ్యి విసిరింది. "పొద్దుట్నుంచీ నా ముక్కులోంచి పోవడం లేదే. ముక్కులో దూరింది. బైకే ఇంట్లో సెంటు ఎక్కణ్నుంచొస్తుంది? వెల్లుల్లి కంపు కొడుతోంది ఇల్లు." తర్వాత ఉసోన్ వైపు తిరిగింది. "మీరు భవనం పెద్ద. మీకు చెప్పకుండా మేం ఏమీ చెయ్యం. ఈ భవనంలో ఒకావిడ మా మగవాళ్ల చేతులు పట్టుకుంటోంది."

"ఎంతమందివి?"

"కనుక్కున్నంతలో తొమ్మిది. మిగతావాళ్ల పెళ్లాలు ఇంకా బజారు నుంచి రాలేదు. ఎదుటి భవనంలో నలుగురు తేలారు."

"మా ఆయనది అరచేతిలో లైలాక్," అంది నాజిక్. పెళ్లయి నాలుగు నెలలైంది. ఏడ్చి ఏడ్చి మొహం వాచింది. "చెయ్యి వెనక గులాబీ. అంటే ఆవిడ ఒక చేతికొకటి రాసుకుంటుంది. అలా రాసుకునే ఆడది ఎలాంటిదై ఉంటుంది అక్కా?"

"ఆరితేరినదై ఉంటుంది," అంది బురుల్.

ఉసోన్ బుర్మా అవ్వను చూశాడు. ఆమెకు డెబ్బై ఆరేళ్లు. భర్త జుమాలీ తాతకు ఎనభై ఒకటి. తాత పొద్దున గునపం పట్టకుండా పక్కన నిలబడి, ఎలా కొట్టాలో అందరికీ చెప్పాడు.

"తాత చేతికి కూడానా?" అన్నాడు.

"ఆయనకే ఎక్కువుంది."

"ఏమన్నాడు మరి?"

"ఏమంటాడు? మిగతావాళ్లు తెలీదని మొత్తుకుంటున్నారు. ఈయన మీసం దువ్వుకుని 'పేరడక్కు, పరువు గల మనిషి' అంటాడు! బూట్లు తొడుక్కోవాలంటే నేను వంగాలి. ఎప్పుడెళ్లాడు? ఎవరు తొడిగారు?"

ముగ్గురూ కాసేపు టీ తాగారు. తర్వాత బురుల్ గిన్నె బోర్లించింది. అప్పుడామె అడిగిన ప్రశ్నకు ఉసోన్ సిద్ధంగా లేడు.

"ఈ వారంలో మన మగవాళ్లంతా పండగ ప్యాంట్లు పట్టుకుని ఎవరింటికి వెళ్లారు?"

భవనంలో కుట్టుపని చేసే మనిషి ఒక్కరే. పొడవు సరి చేయించుకోవడానికి అందరూ అక్కడికే వెళ్లారు. ఉసోన్ ఒక్కడు వెళ్లలేదు, ధైర్యం చాలక.

"సోనున్ అలాంటిది కాదు," అన్నాడు.

అన్నాక ఆ మాట మరీ తొందరగా వచ్చిందని అతనికే తెలిసింది. బురుల్ కళ్లు చిన్నవయ్యాయి.

"మేం పేరు చెప్పలేదే."

"కుట్టేది ఆవిడే కదా. అందుకని."

"మీరు దేనికి వెనకేసుకొస్తున్నారు?"

"వెనకేసుకు రావడం కాదు. సాక్ష్యం ఉండాలి."

"సరే, సాక్ష్యమే చూద్దాం," అంది బురుల్. "అయిదింటికి మగవాళ్లందర్నీ కింద నిలబెట్టండి. ఎదుటి భవనం వాళ్లనీ. చేతులు చాపిస్తాం. ఆవిణ్నీ పిలవండి. పిలిచేది మీరే. మీరు పిలవకపోతే ఎందుకు పిలవలేదో కూడా మేం ఆలోచిస్తాం."

వాళ్లు వెళ్లాక ఉసోన్ లెక్క వేసుకున్నాడు. నిజం చెబితే ఆ సెంటు ఎవరికోసమని అడుగుతారు. చెబితే భవనమంతటికీ తెలిసిపోతుంది, ఆమెకు ఆఖర్న తెలుస్తుంది. చెప్పకపోతే అయిదింటికి ఆమె పరువు వాకిట్లో పడుతుంది. ఉన్న దారి ఒక్కటే. అయిదు లోపు ఆమెకు ఒంటరిగా చెప్పాలి. గ్లౌజులు సర్దుకుని కిందికి దిగాడు.

సోనున్ తలుపు తీసింది. మెడలో కొలత టేపు ఉంది, పెదాల మధ్య మూడు గుండుసూదులున్నాయి. ఆమె వెనక స్టూలు మీద ఎదుటి భవనం మనిషి ఒకడు ప్యాంటు మడతలతో నిలబడి, చెవులు ఇటే పెట్టి ఉన్నాడు.

సోనున్ సూదులు తీసి చేతిలో పెట్టుకుంది. "ఫ్యూజు బాగానే ఉంది బైకే."

"తెలుసు."

"చేతులకేమైంది?"

"చలి."

"లోపల వేడిగానే ఉందే."

ఉసోన్ స్టూలు మీది మనిషిని చూశాడు. ఆ మనిషి ఉసోన్‌ను చూశాడు. కదిలే ఉద్దేశం అతనికి లేదు.

"సాయంత్రం అయిదింటికి కిందికి రావాలి. అందరూ వస్తున్నారు," అన్నాడు ఉసోన్.

"దేనికి?"

"మంచు గురించి."

"మంచు గురించి నన్నేం అడుగుతారు?"

"అభిప్రాయం," అని ఉసోన్ మెట్లెక్కాడు.

అయిదింటికి రెండు భవనాల మగవాళ్లూ గోడ పక్కన వరసలో నిలబడ్డారు. టోపీలు కిందికి లాక్కున్నారు. చేతులు చాపారు. ఆడవాళ్లు చెరో వైపు నుంచి వాసన చూసుకుంటూ వచ్చారు. బురుల్ అరచేతులు చూసింది, నాజిక్ వెనక వైపు చూసింది. లైలాక్ అన్నప్పుడల్లా వరసలో ఒకడు తల దించుకున్నాడు. జుమాలీ తాత తన వంతు రాకముందే చెయ్యి చాపి ఉన్నాడు. వచ్చాక, ఇంకోసారి చూడమన్నాడు.

"భవనం పెద్ద చేతులు చూడలేదు," అన్నాడు కదిర్ వరసలోంచి.

"ఆయన చేతులు కాలాయి. నోరు ముయ్యి," అంది బురుల్.

అప్పుడు సోనున్ శాలువా కప్పుకుని బయటికి వచ్చింది. వరసను చూసింది. చాపిన చేతులను చూసింది. నేల మీద మంచు లేదు.

"మంచు గురించి అన్నారు కదా?" అని ఉసోన్‌ను అడిగింది.

ఉసోన్ నోరు తెరిచేలోగా బురుల్ ముందుకొచ్చింది. "మంచు గురించి కాదు తల్లీ. నీ సీసాల గురించి. లైలాక్ సీసా ఒకటి, గులాబీ సీసా ఒకటి పట్టుకురా. అందరం చూస్తాం."

"నా దగ్గర సీసాలేం లేవు. మిషను నూనె ఒకటుంది."

"మరి వీళ్ల చేతులు ఎవరు పట్టుకున్నారు? నీ ఇంటికే కదా అందరూ వచ్చింది?"

సోనున్ మొహం ఎర్రబడింది. "నడుం కొలిచాను, కాలు కొలిచాను. చేతులతో నాకేం పని? మీ మగవాళ్లు నా దగ్గరికి వచ్చి ఏం చెప్పారో తెలుసా? పెళ్లాలు కుట్టిపెట్టడం లేదని చెప్పారు. ముందు అది చూసుకోండి."

వరసలో ఇద్దరు ముగ్గురు చేతులు దింపేశారు. ఆడవాళ్లు ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు. ఎదుటి భవనం నుంచి ఎవరో "అద్దెకిచ్చినవాణ్ని పిలవండి, ఖాళీ చేయిద్దాం" అని అరిచారు. సోనున్ కదలకుండా నిలబడింది. శాలువాను ఇంకాస్త బిగించుకుంది.

అతను ముందుకొచ్చి గ్లౌజులు తీసేశాడు.

"ఈ వాసన నాది," అన్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు. ఉసోన్ రెండు అరచేతులూ చాపాడు. బురుల్ వచ్చి కుడిచేయి వాసన చూసింది, ఎడమచేయి చూసింది, మళ్లీ కుడిచేయి చూసింది.

"కాలాయన్నారుగా?"

"కాలలేదు. పొద్దున బజారులో రాయించుకున్నాను. ఏది బావుంటే అది కొందామని. తర్వాత వీళ్లందరికీ చేతులు కలిపాను. వీళ్లు ఎదుటివాళ్లకు కలిపారు. ఆడమనిషి ఎవరూ లేరు."

వరసలోని మగవాళ్లు తమ చేతులు తామే వాసన చూసుకున్నారు.

"అబద్ధం," అన్నాడు జుమాలీ తాత. "నా పరువు కాపాడ్డానికి నింద తన మీద వేసుకుంటున్నాడు. మంచివాడు ఉసోన్." బుర్మా అవ్వ తాత టోపీని కళ్ల మీదికి లాగింది.

"కొనేది ఎవరికి?" అంది బురుల్.

ఉసోన్ సోనున్ వైపు చూడలేదు. చూడకపోయినా అందరూ అతని బదులు అటు చూశారు.

"రేపు ఆవిడకిచ్చి అడుగుదామనుకున్నాను," అన్నాడు. "ముందు ఆవిడకే చెప్పాలనుకున్నాను."

సోనున్ అతని చేతులను చూసింది. గోడ పక్కనున్న వరసను చూసింది, కిటికీల్లోంచి తొంగి చూస్తున్న పిల్లలను చూసింది. "రేపు నీళ్లు రావని చాటినట్టు చెప్పారు," అంది. "రెండు భవనాలకీ ఒకేసారి." లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. గడియ పడిన చప్పుడు అందరికీ వినబడింది.

ఆ తర్వాత జరిగింది ఉసోన్ ఊహించలేదు. ముందుగా నాజిక్ తన భర్త చెయ్యి పట్టుకుని ఏడ్చింది. తర్వాత బురుల్ భర్త వైపు తిరిగింది.

"ఆయన ఇంకా తన పెళ్లాం కాని మనిషికి సెంటు ఎంచుతున్నాడు. చేతికొకటి రాసుకుని పొద్దుట్నుంచీ తిరుగుతున్నాడు. పదహారేళ్ల కాపురానికి నువ్వేం కొన్నావు రేపటికి?"

కదిర్ నేల చూశాడు. "బ్యాటరీ."

"ఏం బ్యాటరీ?"

"కారుది. పొద్దున్నే స్టార్టయితే నీకే కదా సుఖం."

వరసలో ఇంకెవరినీ ఏం కొన్నావని అడగాల్సిన అవసరం రాలేదు. వాళ్ల మొహాలు చూస్తే చాలు. కదిర్ కారులో అయిదుగురు ఎక్కారు. మిగతావాళ్లు బస్సు కోసం ఆగకుండా బజారు వైపు నడిచారు. ఉసోన్ ఒక్కడే వాకిట్లో మిగిలాడు. గునపాలు లోపల పెట్టి, ఇంటికి వెళ్లి టీ కాచుకున్నాడు. గడియ వేసుకున్న తలుపుకు సెంటు ఇవ్వడం ఎలాగో అతనికి తోచలేదు.

మర్నాడు పొద్దున మాత్రం బజారుకు వెళ్లాడు. ఇస్తానన్నది ఇవ్వాలి, తీసుకోకపోతే అది ఆమె ఇష్టం. రహీమా కొట్టు సగం మూసి ఉంది. రెండు పెద్ద సీసాలు తలకిందులుగా బల్ల మీద ఉన్నాయి.

"మీ అక్క ఎలా ఉంది?" అంది.

"ఏమైంది సీసాలకి?"

"నిన్న దీపాలు పెట్టే వేళకి మగవాళ్లు వచ్చిపడ్డారు. ఒక్కడికీ పేరు తెలీదు. చెయ్యి నా మొహం మీద పెట్టి 'ఇదే కావాలి' అంటారు. కొందరు అరచెయ్యి చూపించారు, కొందరు వెనక వైపు చూపించారు. తాత ఒకాయన రెండూ కావాలన్నాడు. చుక్క మిగల్లేదు."

"ఇంకేముంది?"

"గడ్డం గీసుకున్నాక రాసుకునేది ఉంది."

ఉసోన్ వట్టి చేతులతో తిరిగి వచ్చాడు. సోనున్ ఇంటి కిటికీలు మూడూ బార్లా తెరిచి ఉన్నాయి, ఆ మార్చి చలిలో. అతను కాసేపు నిలబడి తలుపు కొట్టాడు. ఆమె తీసింది. నుదుటికి తడిగుడ్డ కట్టుకుని ఉంది. ఆమె వెనక బల్ల మీద తొమ్మిది పళ్లేల్లో నూనెలో వేయించిన పిండి బోర్సోక్‌లు ఉన్నాయి.

"పొద్దుట్నుంచీ క్షమాపణలు," అంది. "ఒకావిడ వెళ్తుంది, ఇంకొకావిడ వస్తుంది. ఒకరు లైలాక్, ఒకరు గులాబీ. బురుల్ రెండూ పూసుకొచ్చింది. నన్ను కావిలించుకుంది కూడా. తల పగిలిపోతోంది."

"నేను కూడా క్షమాపణకే వచ్చాను."

సోనున్ అతన్ని పైనుంచి కిందికి చూసింది. కాస్త ముందుకు వంగి గాలి పీల్చింది.

"మీ దగ్గర ఏ వాసనా లేదే."

"అయిపోయాయట. రెండూ."

"ఏది ఎంచుకుందామనుకున్నారు?"

"నిజం చెప్పమంటారా? మధ్యాహ్నానికి నా చేతులు వెల్లుల్లి వాసన వేశాయి. తేల్చుకోవడం కుదరలేదు."

ఆమె నవ్వలేదు. నవ్వు ఆపుకోవడానికి తడిగుడ్డ సర్దుకుంది. "ఆ రెండిట్లో ఏది పట్టుకొచ్చినా ఇవాళ తలుపు తీసేదాన్ని కాదు," అంది. తర్వాత అతని కాళ్ల వైపు చూసింది. "మీ ప్యాంటు పొడవెక్కువైంది. మడమ కింద పడి తడుస్తోంది. లోపలికి రండి, కొలత తీస్తాను."

ఉసోన్ బూట్లు విప్పి లోపలికి వెళ్లాడు. తలుపు మూసుకుంది. అప్పటికి మధ్యాహ్నం భోజనాల వేళ దాటలేదు.

రెండో అంతస్తు కిటికీ దగ్గర బురుల్ కూర్చుని ఉంది. ఆమె చెప్పినదాని ప్రకారం, ఉసోన్ బయటికి వచ్చేసరికి వాకిట్లో దీపం వెలిగింది. ప్యాంటు పొడవు తగ్గలేదు.